నలభయ్యో నిమిషం

"అన్నా, ఒక్కోసారి ఆడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది" అంటూ ఎవరైనా పాత వీడియో కెమెరా తెస్తే నాకు ఇప్పటికీ గుండెలో గుబులే. పూర్తిగా చచ్చిన కెమెరాయే నయం. తీరిగ్గా వెతుక్కోవచ్చు. వచ్చిపోయే జబ్బు అలా కాదు, మన బల్ల మీద ఉన్నంతసేపూ నిక్షేపంగా ఆడి, ఇంటికెళ్లాక మళ్లీ మొదలెడుతుంది. దానంతటదే బాగైందన్న మాట నేను నమ్మను.

పోయిన నెల ఒకావిడ మినీ డీవీ కెమెరా తెచ్చింది. 2006లో జరిగిన తన పెళ్లి టేపుల్లో ఆఖరిది కూడా సంచిలో ఉంది. సగం దాటాక ఆగిపోతోందట. వేడెక్కుతోందేమోనని ఫ్యాను కింద పెట్టి కూడా చూశారట. అంతకుముందు ఎవరో క్లీనింగ్ క్యాసెట్ నాలుగైదుసార్లు వేసిచ్చారని చెబితే మనసు చివుక్కుమంది. ఆ టేపు గరుకు, ఊరికే వేస్తే హెడ్లు అరుగుతాయి. హెడ్డుకు మురికి పడితే ఆ సంగతి బొమ్మే చెబుతుంది. మన దగ్గరి పాల్ పద్ధతిలో ఒక్కో ఫ్రేము 12 ట్రాకులుగా టేపు మీదికెక్కుతుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగే డ్రమ్ము మీద రెండు హెడ్లు వంతులవారీగా వాటిని చదువుతాయి. ఒకటి మూసుకుపోతే బొమ్మలో అడ్డపట్టీలు ఒకటి విడిచి ఒకటి చెడతాయి. ఈ కెమెరాలో ఆగే క్షణం దాకా బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది.

ఇలాంటప్పుడు స్క్రూడ్రైవర్ జోలికి పోను. నోటుబుక్కు తీస్తాను. పెళ్లి టేపు బీరువాలో దాచి, పోయినా బాధలేని పాత టేపు వేసి కూర్చున్నాను. 41వ నిమిషంలో ఆగింది. మరోసారి 43. మూడోసారి 40. నాకూ వేడి మీదకే అనుమానం పోయింది. ఒక సాయంత్రం అది ఆగగానే, ఒళ్లు వెచ్చగా ఉండగానే టేపు మొదటికి చుట్టి ప్లే నొక్కాను. మళ్లీ నలభై నిమిషాలు హాయిగా ఆడింది! మర్నాడు పొద్దున చల్లటి కెమెరాలో, ముందే నలభై నిమిషాల దాకా చుట్టి ఉంచిన టేపు వేస్తే రెండు నిమిషాల్లో ఆగిపోయింది. ఎంతసేపు నడిచిందన్నదానితో పని లేదు, టేపులో ఎక్కడుందన్నదే లెక్క.

టేపు సెకనుకు 18.8 మిల్లీమీటర్లు నడుస్తుంది, గంటకు దాదాపు 68 మీటర్లు. అదంతా టేకప్ రీలుకు చుట్టుకుంటూ పోతుంది. రీలును తిప్పే బలం మొదట ఎంతో చివర కూడా అంతే. చుట్ట లావెక్కే కొద్దీ ఆ బలంతో టేపును లాగే పట్టు తగ్గుతుంది. రీలుకు ఎక్కడో బిగుతు ఉంటే, సన్నగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, లావెక్కాక నిలిచిపోతుంది. రీలు తిరగడం లేదని సెన్సర్ చెప్పగానే, టేపు లోపల కుప్పపడి నలగకుండా కెమెరా తనే ఆపేస్తుంది. అన్నేళ్లూ ఆ టేపును కాపాడింది ఆ ఆగడమే.

అప్పుడు విప్పాను, రాత్రిపూట. టేపు కొసన పారదర్శకమైన ముక్క ఉంటుంది. దాని గుండా వెలుతురు వెళ్లి సెన్సర్ మీద పడితే టేపు అయిపోయిందని యంత్రం గ్రహిస్తుంది. మూత తీసి ట్యూబ్‌లైటు కింద ఆడిస్తే లేని జబ్బులు పుట్టుకొస్తాయి. నల్లగుడ్డ కప్పి, చిన్న టార్చితో చూశాను. టేకప్ రీలు ఇరుసు దగ్గర గ్రీజు ముదురు పాకం రంగులో గట్టిపడి ఉంది. పుల్లతో గీరితే పెళుసుగా రాలింది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి మొత్తం తుడిచి, ప్లాస్టిక్‌ను తినని కొత్త గ్రీజు ఆవగింజంత పెట్టాను. పాత టేపును మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు ఆడించాను. ఎక్కడా ఆగలేదు.

ఆవిణ్ని పిలిచి, ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ అసలు టేపు వేశాను. నలభయ్యో నిమిషం దాటింది. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. 48వ నిమిషంలో అప్పగింతలు. పాలపళ్లెంలో కూతురి చేయి ముంచి, వియ్యపురాలి చేతిలో పెడుతూ వాళ్లమ్మ ఏదో అంటోంది. బాజాల హోరులో మాట సరిగ్గా తెలియలేదు.

"కాస్త వెనక్కి తిప్పవా అన్నా, సౌండు పెంచి" అంది.

టేపు చివరి దాకా ఎక్కనిచ్చి, అప్పుడు తిప్పాను.