వంతపాట ఏ గడిలో పడుతుంది? – వీడియో ఎడిటింగ్‌లోని మిక్సింగ్ పనిముట్లపై విమర్శ

సాహిత్య విమర్శ భాగంలో మీరు గ్రంథ పరిష్కరణ గురించి చదివారు. ఒకే కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికితే ఏ పాఠాన్ని గ్రహించాలి, దేన్ని అధోజ్ఞాపికలోకి పంపాలి, దేన్ని లేఖక దోషమని వదిలేయాలి అన్నది పరిష్కర్త నిర్ణయిస్తాడు. పాఠకుడి చేతికి వచ్చేది ఆ నిర్ణయాల ఫలితమే. వీడియోకు శబ్దాన్ని కూర్చేవారు చేసే పనీ ఇలాంటిదే. ఏ గొంతు ముందుండాలి, ఏ ధ్వని వెనక్కి పోవాలి, దేన్ని 'నాయిస్' అని తుడిచేయాలి అన్నది వాళ్లు తేలుస్తారు. పరిష్కర్త ముందుమాటలో తన పద్ధతి చెప్పుకోగలడు. మిక్సింగ్ చేసినవారికి ఆ అవకాశం లేదు. మన సినిమా సమీక్షల్లో ఛాయాగ్రహణానికి రెండు వాక్యాలు, సంగీతానికి ఒక పేరా దక్కుతాయి. మిక్సింగుకు చాలాసార్లు ఏమీ దక్కదు. అందువల్ల ఈ పాఠంలో ఆ పనిముట్లనే విమర్శకు తీసుకొందాం.

ముందుగా కొన్ని మాటల అర్థం స్థిరపరచుకోండి. ఒక్కో ధ్వనికి కేటాయించే వరుస ట్రాక్. దాని స్థాయిని పెంచి తగ్గించే మీట ఫేడర్. మంద్ర, మధ్య, తార స్థాయుల ధ్వనులను విడివిడిగా హెచ్చించి తగ్గించేది ఈక్వలైజర్. కంప్రెసర్ గట్టి ధ్వనిని అణచి, గట్టి మాటకూ మెల్లని మాటకూ ఉన్న దూరాన్ని తగ్గిస్తుంది. కొన్ని ట్రాకులను గుంపుగా చేర్చి ఒకే ఫేడర్ కిందికి తెచ్చే దారిని బస్ అంటారు. మిగిలినవి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్న కాలంలో ఇవన్నీ ఒక పెద్ద కన్సోల్‌లో ఇమిడి, మిక్సింగ్ థియేటర్ లోపల ఉండేవి. పాకాల జంక్షన్‌లో రైలెక్కి కాట్పాడి మీదుగా మద్రాసు చేరిన కుర్రవాడు ఆ గది తలుపు దాకా పోగలిగితే గొప్పే. ఇప్పుడు అదే పాకాలలో పెండ్లి వీడియోలు ఎడిట్ చేసే కంప్యూటర్ తెరమీద ఆ కన్సోల్ మొత్తం కనిపించే వీలుంది. దీని వెనుక కథ కొంత చిత్రమైనది. 1975లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు మిత్రులు ఫెయిర్‌లైట్ అనే సంస్థ పెట్టారు. సిడ్నీ రేవులో తిరిగే ఒక పడవ పేరది. 1979లో వారు తెచ్చిన సీఎంఐ అనే వాద్యం, బయటి ధ్వనిని నమోదు చేసుకొని మీటల మీద వాయించనిచ్చిన తొలి డిజిటల్ శాంప్లర్లలో ఒకటి. తరవాత ఆ పేరు సినిమా, టీవీ ధ్వని సంకలన యంత్రాలకు మారింది. 2016లో మెల్‌బోర్న్‌కు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఫెయిర్‌లైట్‌ను కొన్నది. మరుసటి ఏడాది వచ్చిన డావిన్సీ రిజాల్వ్ 14లో అది ఒక పేజీగా చేరింది. సినిమాకు రంగులు దిద్దే వ్యవస్థగా పేరు పొందిన రిజాల్వ్ అప్పటికే ఎడిటింగ్ కూడా చేసేది. దీనితో మిక్సింగ్ కూడా వచ్చి కలిసింది. ఉచితంగా దింపుకొనే ప్రతిలోనూ ఈ పేజీ ఉంది. ట్రాకు ట్రాకుకూ ఈక్వలైజర్, కంప్రెసర్, గేట్; కింద బస్సులు; పక్కన శబ్దస్థాయి కొలిచే మీటర్.

అడోబ్ సంస్థ వేరే దారి పట్టింది. 2003లో కూల్ ఎడిట్ ప్రో అనే పనిముట్టును కొని, ఆడిషన్ అని పేరు మార్చింది. 2017లో ప్రీమియర్ ప్రోలో ఎసెన్షియల్ సౌండ్ అనే ప్యానెల్ పెట్టింది. అందులో మీరు మొదట చేయవలసిన పని, ప్రతి శబ్దఖండానికీ ఒక జాతి చెప్పడం. అది డైలాగా, మ్యూజిక్కా, ఎస్‌ఎఫ్‌ఎక్సా, యాంబియెన్సా? నాలుగే గడులు. ఒకదానిలో వేయగానే ఆ జాతికి తగిన సవరింపులు ముందుకు వస్తాయి. పని తొందరగా అవుతుంది, కొత్తవారికి భయం పోతుంది. ఒప్పుకొంటాను. కానీ విమర్శ విద్యార్థిగా మీరు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ నాలుగు గడులు ఎవరి వ్యాకరణం?

ఈ ప్రశ్నను మన దగ్గరి రికార్డింగు మీదనే పరీక్షిద్దాం. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుందని పాకాల వైపు వారికి చెప్పనక్కరలేదు. ఇతర జిల్లాల విద్యార్థుల కోసం రెండు మాటలు. సాధారణంగా 18 రోజులు, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి వేషధారి పద్యాలు పాడుతూ తపస్సుమాను ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, పండ్లు విసురుతాడు. సంతానం కోరుకొనే స్త్రీలు కింద సాష్టాంగపడి ఉంటారు. చివర్లో నేలమీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీమ దుర్యోధనుల యుద్ధం, సాయంత్రం అగ్నిగుండం. ఇప్పుడు వీటిని ఊరివాళ్లే వీడియో తీసి యూట్యూబులో పెడుతున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసుకొనే కొడుకు, గల్ఫులో ఉన్న అల్లుడు తమ ఊరి భారతం చూసేది అందులోనే.

వీధినాటకంలో వేషధారి ఒక చరణం ఎత్తుకొంటాడు. వెనుక హార్మోనియం, మద్దెల, తాళాల దగ్గర నిలబడ్డ వంతవాళ్లు దాన్ని అందుకొని మళ్లీ పాడతారు. ఆ వంత ఏ గడిలోకి పోవాలి? అందులో మాట ఉంది కాబట్టి డైలాగా? తాళం ఉంది కాబట్టి మ్యూజిక్కా? వేషధారిని మధ్యలో ఆపి ఎదురు ప్రశ్న అడిగేదీ వాళ్లే, అప్పుడు వంత ఒక పాత్ర. అర్జునుడు మానెక్కేటప్పుడు జనం వేసే గోవింద నామం యాంబియెన్స్ అవుతుందా? ఆ కేక లేకపోతే ఘట్టమే లేదు. నాలుగు గడులు తయారు చేసినవారు మాట ఒకచోట, సంగీతం ఒకచోట, జనం ఒకచోట ఉండే సినిమాను మనసులో పెట్టుకొన్నారు. మన రంగస్థలంలో ఈ మూడూ ఒకే నోట పలుకుతాయి.

ఇంకో పనిముట్టు ఉంది, వాయిస్ ఐసొలేషన్. రిజాల్వ్‌లో ఇది డబ్బు పెట్టి కొనే స్టూడియో ప్రతిలోనే, 18.1తో వచ్చింది. మనిషి మాటను గుర్తించేలా తర్ఫీదు పొందిన యంత్రం, మాట కానిదాన్నంతా అణచివేస్తుంది. ఫ్యాను చప్పుడు, మోటారుబండి మోత ఉన్న ఇంటర్వ్యూకు ఇది వరం. వీధినాటకానికి వేస్తే ముందు బలయ్యేవి హార్మోనియం, తాళాలు. వంత గొంతులు కొన్నిచోట్ల మిగిలి, కొన్నిచోట్ల నీళ్లలో మునిగినట్టు తేలి మునుగుతాయి. "నాయిస్ తీసేస్తే వాయిస్ నీట్‌గా వస్తాది సార్" అని ఎడిటింగ్ కుర్రవాళ్లు చెబుతూ ఉంటారు. నీట్‌గా వచ్చే మాట నిజమే. వచ్చింది వీధినాటకమేనా అన్నది నా సందేహం. ముసలి కళాకారుల గొంతులు ఇలాంటి ఫైళ్లలో తప్ప ఇంకెక్కడా నమోదు కాని ఊళ్లు చాలా ఉన్నాయి. అటువంటిచోట తుడిచేసిన పాఠానికి రెండో ప్రతి దొరకదు.

కాబట్టి నా తీర్పు ఇది: కొత్తవారికి కష్టమైనా, గడుల ప్యానెల్ కంటే ఫెయిర్‌లైట్ తరహా కన్సోలే నేర్చుకోదగినది. అక్కడ ట్రాకుకు మీరు పెట్టిన పేరే పేరు. 'వంత' అని రాసుకొని, దానిని వేషధారి బస్సులోకీ, వాద్యాల బస్సులోకీ రెంటికీ పంపవచ్చు. దాని లోపాలూ లేకపోలేదు. మామూలు ల్యాప్‌టాప్ తెరమీద ఆ పేజీ కిక్కిరిసి ఉంటుంది. పాత కంప్యూటర్లు దాని బరువు మోయలేవు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి మెనూలోని ఇంగ్లీషు ఒక అడ్డుగోడ. అయినా ఏ మీట తిప్పితే ఏమైందో కంటికి కనిపిస్తుంది.

ఎంత మంచి కన్సోల్ అయినా ఒకే మైకులో పడ్డవాటిని న్యాయంగా విడదీయలేదని కూడా గుర్తుంచుకోండి. మిక్సింగ్ అంటే విడిగా ఉన్నవాటిని కలపడం. ఫోన్ పట్టుకొని జనంలో నిలబడి తీస్తే అన్నీ ఒకే ముద్ద. మైకుసెట్టు ఆంప్లిఫయర్ నుంచి వైరు తీసుకొని ఒక రికార్డరులో, జనం మధ్య ఇంకో రికార్డరులో నమోదు చేస్తే పని సగం అయినట్టే. రెండింటినీ తరంగాల ఆకారం పోల్చి సరిపెట్టే ఏర్పాటు రిజాల్వ్‌లో ఉంది. ఇక్కడ ఒక సూక్ష్మం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మైకుసెట్టు బాకాకు 34 మీటర్ల దూరంలో ఉన్న రికార్డరుకు అది సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. రెంటినీ అచ్చంగా ఒకేచోట కుదిరిస్తే మాట స్పష్టమవుతుంది, మైదానం మాయమవుతుంది. ఆలస్యాన్ని అలాగే ఉంచి, జనం ట్రాకును బాగా తగ్గించి కలిపితే మైదానం వైశాల్యం చెవికి అందుతుంది. అర్జునుడు మైకుతో మానెక్కితే ఇది మరీ ముఖ్యం. మాను మొదట్లోనూ కొనలోనూ అతని గొంతు మన చెవి పక్కనే వినిపిస్తే, కన్ను చూస్తున్న ఎత్తును చెవి కాదంటుంది. అతను పైకి పోతున్నకొద్దీ మైకు ట్రాకును కొంచెం కొంచెంగా దించి, జనం ట్రాకును పెంచుతూ పోవాలి. ఫేడర్ కదలికలను గుర్తుపెట్టుకొనే ఆటోమేషన్ సరిగ్గా ఇందుకే ఉంది.

తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన పనిముట్టు నాయిస్ గేట్. శబ్దం ఒక స్థాయికి పైనుంటే తలుపు తెరుస్తుంది, దిగితే మూస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో కర్త ముందే వచ్చేస్తుంది. మన వాక్యంలో క్రియ చివర, ఆ క్రియలోనూ పురుష, వచన ప్రత్యయాలు చిట్టచివర ఉంటాయి. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తాము: తేడా అంతా ఆఖరి అక్షరంలోనే. రాను, రావు, రాడు, రాదు కూడా అంతే. మాట్లాడేటప్పుడు మన గొంతు దిగేది కూడా సరిగ్గా అక్కడే. తలుపు ఒక్క క్షణం ముందు మూసుకొంటే ఎవరు వస్తారో, వచ్చేది ఎందరో తెలియదు. చిత్తూరు యాసలోని 'పోతాండా', 'పోతాండాడు' వంటి రూపాలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. గేట్‌లో థ్రెషోల్డ్‌ను దించి, హోల్డ్, రిలీజ్ సమయాలను పెంచి వినండి. కొంచెం గాలిచప్పుడు మిగిలితే మిగలనివ్వండి.

మాట ఎప్పుడూ స్పష్టంగా వినపడి తీరాలన్న నియమాన్నే ప్రశ్నించే తెలుగు సినిమా ఒకటుంది. సుకుమార్ దర్శకత్వంలో 2018లో వచ్చిన 'రంగస్థలం'. కథానాయకుడు చిట్టిబాబుకు చెవులు సరిగా వినపడవు. ఊళ్లో అతన్ని 'సౌండ్ ఇంజనీర్' అని పిలుస్తారు. అందువల్ల ప్రతి సన్నివేశంలోనూ మిక్సింగ్ చేసేవారి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ప్రేక్షకుడు ఊరి చెవితో వినాలా, చిట్టిబాబు చెవితో వినాలా? ఈ చిత్రానికి ఎం.ఆర్. రాజాకృష్ణన్ 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తుది మిక్సింగుకు ఇచ్చే రీరికార్డిస్ట్ అవార్డు అందుకొన్నారు. (మన సినిమావాళ్లు రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతమనే అర్థంలో వాడతారు, అవార్డు పేరు చూసి పొరబడకండి.) ఈ చిత్రాన్ని ఒకసారి కళ్లు మూసుకొని వినండి. ఏ మాట మనకు అందింది, ఏది అతనికి అందలేదు, ఆ తేడాను దృశ్యం చెప్పిందా శబ్దం చెప్పిందా అని కాగితం మీద రాసుకోండి. పాత్ర వినలేకపోవడం ఒక లోపంగా కాక, వినే కోణంగా ఎక్కడెక్కడ మారిందో మీకే దొరుకుతుంది. ఏ ప్రీసెట్ బటనూ ఈ నిర్ణయం తీసుకోలేదు.

ఆఖరి మాట శబ్దస్థాయి గురించి. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ప్రమాణం పెట్టింది. సగటు వినికిడి బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణమది. యూట్యూబు సుమారు -14కు మించి బిగ్గరగా ఉన్న వీడియోలను తనంతట తానే తగ్గిస్తుంది. అంటే కంప్రెసర్‌తో పిండి పిండి బిగ్గరగా చేసినందువల్ల లాభం లేదు; మెల్లని ఆలాపనకూ గోవింద కేకకూ ఉన్న తేడా మాత్రం చెడుతుంది. ఫెయిర్‌లైట్ మీటర్ చూసుకొంటూ ఆ తేడాను కాపాడండి. తరవాత వీడియోను ఫోనులోకి ఎక్కించి, ఫోను స్పీకరులోనే ఒకసారి వినండి, మీ ప్రేక్షకులు వినేది అలాగే కదా. మద్దెల మంద్రనాదాన్ని ఆ చిన్న స్పీకరు పలకలేదు. మంద్రాన్ని ఇంకా పెంచినా ప్రయోజనం ఉండదు. చర్మం మీద వేలు పడే టక్కుమనే శబ్దం ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని ఈక్వలైజర్‌లో కొద్దిగా పెంచితే చెవి ఆ మద్దెలను పట్టుకొంటుంది. అది వేషధారి మాటకు అడ్డం వస్తోందనిపిస్తే ఒక డెసిబెల్ వెనక్కి తగ్గించి, ఈసారి వంత దగ్గర మళ్లీ వినండి.