సన్మానం జరిగింది, బొమ్మ ఆడలేదు

ప్రతిభ ఉన్న దర్శకుడికి పెట్టుబడి దానంతటదే వెతుక్కుంటూ వస్తుందని ఇటీవల ఒక సాహిత్య సభలో ఒక మిత్రుడు వాదించాడు. నాకది మింగుడుపడలేదు. అమెరికా నల్లజాతి దర్శకుడు చార్లెస్ బర్నెట్ అనుభవం మరోలా ఉంది.

'కిల్లర్ ఆఫ్ షీప్' ఆయన లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పట్టా కోసం తీసిన చిత్రం. 1970ల తొలి సంవత్సరాల్లో, ఎక్కువగా శని ఆదివారాల్లో, వాట్స్ అనే నల్లవారి పేటలో తీశాడు. ఆదివారాల్లో మాత్రమే రాసుకోగలిగే బడిపంతుల్ని కనక ఆ రెండు రోజుల విలువ నాకు తెలుసు. రచన, ఛాయాగ్రహణం, కూర్పు అన్నీ తనవే. ఖర్చు 10,000 డాలర్ల లోపు. 1977లో పూర్తయింది.

కథంటూ పెద్దగా లేదు. కబేళాలో గొర్రెల్ని కోసే స్టాన్‌కు రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఒకరోజు అతనూ స్నేహితుడూ పాత కారు ఇంజను ఒకటి కొంటారు. ఆయాసపడుతూ, మెట్టుమెట్టుకీ ఆగుతూ, దాన్ని కిందికి మోసుకొచ్చి ట్రక్కు వెనక అంచున పెడతారు. బండి కదలగానే ఇంజను రోడ్డుమీద పడి పగులుతుంది. కాసేపు చూసి, దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. అంతే. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. మన కథల్లో అయితే ఇక్కడ ఎవరో ఒకరు పిడికిలి బిగించాల్సిందే. ఆ పొరపాటు నేనూ చేశాను.

ఈ సినిమాకు 1981లో బెర్లిన్‌లో విమర్శకుల బహుమతి వచ్చింది. 1990లో అమెరికా జాతీయ చలనచిత్రాల జాబితాలో చేర్చి భద్రపరిచారు. థియేటర్లలో విడుదలైంది మాత్రం 2007లో! కారణం అందులోని పాటలు. పాల్ రోబ్సన్, డైనా వాషింగ్టన్ల గొంతులు లేకుండా ఆ పేట బతుకు లేదు. కాని ఆ రికార్డుల హక్కులు కొనే స్తోమత బర్నెట్‌కు లేదు. చివరికి వాటికైంది 1,50,000 డాలర్లు. దర్శకుడు సోడర్‌బర్గ్ విరాళం తోడైతేగాని ఆ పని జరగలేదు.

ఈ దర్శకులు ఒకరికొకరు సాయపడలేదా అంటే, పడ్డారు. బిల్లీ వుడ్‌బెరీ 1984 నాటి చిత్రానికి బర్నెటే రాశాడు, కెమెరా పట్టాడు. పంపిణీదారులు మొహం చాటేస్తే హైలీ గెరీమా తన 'సంకోఫా' (1993)ను తానే హాళ్లు అద్దెకు తీసుకుని ఆడించాడు. సొంత ఖర్చుతో పుస్తకం వేసి సంచిలో మోసుకు తిరిగే మనకిది తెలిసిన కష్టమే. అయితే శ్రమను ఇచ్చిపుచ్చుకోవచ్చుగాని పాట హక్కును అలా తెచ్చుకోలేం.

ప్రభుత్వ సొమ్ము సోకితే కళ చెడుతుందనే మిత్రులతో కూడా నాకు పేచీ ఉంది. ప్రజా టెలివిజన్ వారి 'అమెరికన్ ప్లేహౌస్' 8,00,000 డాలర్లు ఇవ్వబట్టే జూలీ డాష్ 1991లో 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్'ను తెరమీదికి తేగలిగింది. అలాంటి ప్రసారాలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను 2025లో అమెరికా కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది.