అతనెక్కడ? ఆమె ఎవరి కూతురు?

2015 అక్టోబరులో ఒక మధ్యాహ్నం మా ఎం.ఏ. క్లాసులో పాఠం ముందుకి సాగలేదు. వెనక బెంచీల్లో నలుగురైదుగురు ఒక ఫోను చుట్టూ మూగి గట్టిగా వాదించుకుంటున్నారు. ఏమిటర్రా అంటే ఫోను నా చేతికిచ్చారు. డిసెంబరులో రాబోతున్న 'స్టార్ వార్స్: ద ఫోర్స్ అవేకెన్స్' పోస్టరు. పాత సినిమాల్లోని హాన్ సోలో ఉన్నాడు, లెయా ఉంది, రోబోలు కూడా ఉన్నాయి. లూక్ స్కైవాకర్ మాత్రం లేడు. 1977 నుంచి 1983 దాకా మూడు సినిమాలని భుజాన మోసిన హీరో పోస్టరులో లేకపోవడమేమిటని వాళ్ల వాదన. లూక్ దుష్టుల పక్షానికి మారిపోయాడని ఒకడన్నాడు. ముసుగు వేసుకున్న ఆ కైలో రెన్ అసలు లూకేనని ఇంకొకడు పందెం కాశాడు. ఇంతలో, క్లాసులో ఎప్పుడూ పెద్దగా నోరు విప్పని ఒకమ్మాయి, "మధ్యలో కర్ర పట్టుకుని ఉన్న ఆ అమ్మాయి ఎవరు మేడమ్?" అని అడిగింది.

ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకు తెలియకపోవడం ఒక కారణం. ఆ క్షణాన నాకు కూడా లూక్ ఏమయ్యాడన్నదే పెద్ద విషయంగా తోచడం అసలు కారణం. ఈ వ్యాసం ఆ అమ్మాయికి ఆలస్యంగా చెబుతున్న జవాబు.

ఆ రోజుల్లో ఆ ఊహాగానాలు ప్రపంచమంతా నడిచాయి. ట్రైలర్లో లూక్ గొంతు ఉంది గానీ ముఖం లేదు. రోబో మీద చెయ్యి వేసిన ఒక ఇనుప చెయ్యి కనిపిస్తే అది అతనిదేనన్నారు. పోస్టరులో అతను లేకపోవడం పొరపాటు కాదని దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్ అనేసరికి ఆసక్తి ఇంకా పెరిగింది. పాపభారంతో ఎక్కడో ఒంటరిగా దాక్కున్నాడని కొందరు ఊహించారు, చివరికి అదే నిజానికి దగ్గరగా తేలింది. సినిమా మొదటి వాక్యమే లూక్ మాయమయ్యాడని చెబుతుంది. రెండుంపావు గంటలు అందరూ అతని కోసం వెతుకుతారు. చివరి నిమిషంలో సముద్రం మధ్య కొండ మీద అతను కనిపిస్తాడు. ఒక్క మాటా మాట్లాడడు. అయినా తారాగణం జాబితాలో మార్క్ హామిల్ పేరు రెండోది.

ఈ మాయమవడం వెనక ఒక కారణం ఉంది. స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురిలో ఒకరైన మైకేల్ ఆర్న్ట్ తర్వాత దాన్ని బయటపెట్టాడు. మొదట్లో లూక్‌ని కథలోకి ముందే తేవాలని చూశారట. కానీ అతను అడుగుపెట్టిన ప్రతిసారీ కథ అంతా అతని వైపు ఒరిగిపోయేది. ప్రధాన పాత్ర ఏమవుతుందోనన్న ధ్యాస పోయేది. ఆ ప్రధాన పాత్ర ఎవరో కాదు, పోస్టరు మధ్యలో కర్ర పట్టుకున్న అమ్మాయి, రే. పాడుబడ్డ ఓడల్లో ఇనుప సామాను ఏరుకుని, దాన్ని అమ్ముకుని ఒక పూట తిండి సంపాదించుకునే పిల్ల. ఆమె కథ ఆమెది కావాలంటే అతన్ని బయటికి పంపక తప్పలేదు.

ఇది చదివినప్పుడు నాకు మన ఇళ్లు గుర్తొచ్చాయి. ఆడవాళ్లు కూర్చుని హాయిగా చెప్పుకుంటున్న కబుర్లు మామగారి చెప్పుల చప్పుడు వినగానే ఆగిపోవడం మనలో చాలామందికి అనుభవమే. ఆయన ఏమీ అననక్కర్లేదు, వస్తే చాలు. అయితే ఈ సినిమా విషయంలో ఇంకో అడుగు ముందుకెళ్లి ఆలోచించాలి. లూక్‌ని బయటికి పంపినా ఆ స్థలం ఆమెకి దక్కలేదు. విడుదలకి ముందు రెండు నెలల పాటు అభిమానుల చర్చల్లో చోటంతా ఆక్రమించింది లేని మనిషే. హీరో లేకపోవడం కూడా ఒక హోదాయే. స్త్రీ లేకపోవడం అలా కాదు. ఆమె లేదన్న సంగతే ఎవరికీ తట్టదు.

మన ఊర్మిళనే చూడండి. వాల్మీకి ఆమె గురించి చెప్పింది బహు తక్కువ. పద్నాలుగేళ్లు ఆమె ఏమైందని పండితులెవరూ బెంగపడలేదు. ఆ ప్రశ్న వేసుకున్నది మన ఆడవాళ్లు. ఊర్మిళాదేవి నిద్ర పాటలో ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి గదిలో అడుగుపెడితే ఎవడో పరాయివాడనుకుని మందలిస్తుంది. ఇలాంటి పాటల మీద వెల్చేరు నారాయణరావుగారు 1991లో రాసిన వ్యాసం మనలో చాలామంది చదివే ఉంటారు. కథలోని ఖాళీని చూసి దాన్ని ఊహతో నింపడం మన వాళ్లకి దంచుతూ, విసురుతూ అబ్బిన పనే. ఓల్గా 'విముక్త'లో ఊర్మిళ ఆ పద్నాలుగేళ్ల ఏకాంతాన్ని తన్ను తాను తెలుసుకోవడానికి వాడుకుంటుంది. ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కూడా 2015 సంవత్సరానికే.

అదే ఏడాది జులైలో 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 ఏప్రిల్లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా మారుమోగింది. ఆ ప్రశ్న తప్పని అనను, నేనూ జవాబు కోసం ఎదురుచూశాను. కానీ మొదటి భాగం పొడవునా నడివీధిలో గొలుసులతో కట్టేసి, పాతికేళ్లుగా పుల్లలు ఏరుకుంటూ దేవసేన మన కళ్ల ముందే ఉంది. ఆమె అక్కడికెలా వచ్చింది, అన్నేళ్లు ఎలా బతికింది అన్నది ఎవరి నోటా నినాదం కాలేదు. చచ్చిపోయిన కథానాయకుడు మిస్టరీ అయ్యాడు, బతికున్న స్త్రీ సెట్టింగులో భాగమైపోయింది.

లెయా సంగతీ అంతే. ఆమె లూక్‌కి కవల. అతనికున్న శక్తి ఆమెలోనూ ఉందని 1983 నాటి సినిమాలోనే చెప్పారు. తర్వాతి ముప్ఫై ఏళ్లు ఆమె ఏం చేసిందని అభిమానుల ఊహాగానాల్లో ఎంత చోటిచ్చారు? చాలా తక్కువ. పోస్టరులో ఉంది కదా, ఇక ఊహించడానికేముంది! సినిమాలో చూస్తే సోదరుడు వెళ్లిపోయాడు, కొడుకు శత్రువుల్లో కలిశాడు, భర్త దూరమయ్యాడు. సైన్యాన్ని నడుపుతూ, సోదరుణ్ణి వెతికించే పని కూడా ఆమె నెత్తినే పడింది. మగవాళ్లు అలిగి వెళ్లిపోతే మిగిలిన ఇంటిని ఆడది చక్కబెట్టుకోవడం నక్షత్ర మండలాల్లోనూ మారలేదన్నమాట.

తెర బయట జరిగింది ఇంకా బాధాకరం. ఈ సినిమా కోసం ముప్ఫై అయిదు పౌండ్లకి పైగా బరువు తగ్గమన్నారని క్యారీ ఫిషర్ స్వయంగా చెప్పింది. విడుదలయ్యాక ఆమె అందంగా ముసలిదయిందా లేదా అన్నదాని మీద చర్చలు నడిస్తే, ఆ చర్చ ఆపమని ఆమే అడగాల్సి వచ్చింది. లూక్ నెరిసిన గడ్డంతో కనిపిస్తే ఋషిలా ఉన్నాడని మురిసిపోయారు. ఆమె ముడతలేమో లెక్కపెట్టారు. 2016 డిసెంబరు 27న ఆమె చనిపోయాక అందరూ నివాళులు రాశారు.

ఇక బొమ్మల గొడవ. సినిమా రాకముందే హాస్‌బ్రో కంపెనీ ఈ సినిమా పేరుతో ఒక మోనోపలీ ఆట తెచ్చింది. అందులో నాలుగు బొమ్మలు. లూక్, ఫిన్, కైలో రెన్, డార్త్ వేడర్. డార్త్ వేడర్ 1983లోనే చచ్చిపోయాడు. లూక్ ఈ సినిమాలో చివరి నిమిషంలో వస్తాడు. మొదటి నుంచి చివరిదాకా ఉన్న రే మాత్రం లేదు! ఇది చూసి 'రే ఎక్కడ?' అని అమెరికాలో తల్లులూ పిల్లలూ అడగడం మొదలుపెట్టారు. కథలోని మలుపు ముందే తెలిసిపోతుందని ఆమెని పెట్టలేదని కంపెనీ సంజాయిషీ. చివరికి 2016 జనవరిలో ఆమెనీ చేరుస్తామని ఒప్పుకుంది. లూక్ ఎక్కడన్న ప్రశ్నకి ప్రచారకులు కావాలని ఉప్పందించారు. రే ఎక్కడన్న ప్రశ్నని ఆడపిల్లలు అడిగితే తప్ప ఎవరూ వినలేదు. రెండూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి గానీ ఒకటి వ్యాపారం, రెండోది హక్కు.

సినిమా చూశాక నేనేం చేశానో కూడా చెప్పాలి. లూక్ దొరికాడు కాబట్టి అభిమానుల ప్రశ్న మారింది. ఇంత శక్తి ఉన్న ఈ పిల్ల ఎవరి కూతురు? లూక్ కూతురని కొందరు, హాన్ సోలో కూతురని కొందరు. నేను లూక్ పక్షాన నిలిచాను. స్టాఫ్ రూములో దీని మీద ఉత్సాహంగా వాదించాను కూడా. 2017లో రయన్ జాన్సన్ తీసిన 'ద లాస్ట్ జెడై'లో ఆమె తల్లిదండ్రులు అనామకులనీ, తాగుడు డబ్బుల కోసం పిల్లని అమ్ముకున్నవాళ్లనీ తేలింది. నాకు నిరాశ కలిగింది. 'ఇంతేనా?' అనుకున్నాను. ఇంటికొచ్చాక ఆ 'ఇంతేనా' గురించి సిగ్గుపడ్డాను. ఇన్నేళ్లు స్త్రీవాదం పాఠం చెప్పిన దాన్ని, ఒక ఆడపిల్ల గొప్పదవ్వాలంటే గొప్పవాడి బిడ్డ అయి ఉండాలని నాకెందుకనిపించింది?

ఆ నిరాశ నా ఒక్కదానిదీ కాదు. ఆ సినిమా మీద పెద్ద దుమారమే లేచింది. అందులో మెకానిక్ రోజ్ పాత్ర వేసిన వియత్నామీ మూలాల నటి కెలీ మేరీ ట్రాన్‌ని జాతి పేరుతో, ఆడదన్న కారణంతో వేధించారు. 2019లో వచ్చిన 'ద రైజ్ ఆఫ్ స్కైవాకర్'లో ఆమె పాత్రకి రెండు నిమిషాలైనా మిగల్లేదు. రే తల్లిదండ్రుల అనామకత్వం కూడా మిగల్లేదు. ఆమె పాల్పటీన్ చక్రవర్తి మనవరాలని తేల్చారు. వంశం దొరికింది, అందరి మనసులూ కుదుటపడ్డాయి.

ఆ సినిమా చివరి దృశ్యంలో ఒక ముసలామె రేని ఎవరు నువ్వని అడుగుతుంది. పేరు చెబితే సరిపోదు, ఆ తర్వాతేమిటని మళ్లీ అడుగుతుంది. రే ఒక్క క్షణం ఆగి, స్కైవాకర్ అంటుంది. పుట్టిన వంశాన్ని కాదని తనని పెంచినవాళ్ల పేరు ఎంచుకుంది కదా, అది స్వేచ్ఛే కదా అని కొందరు స్నేహితులు నాతో వాదించారు. అందులో కొంత నిజముంది. కానీ మన చెవులకి ఆ ముసలామె ప్రశ్న కొత్తది కాదు. ఊళ్లో అడుగుపెట్టిన ఏ ఆడపిల్లనైనా 'ఎవరమ్మాయివమ్మా? ఇంటిపేరేంటి?' అనే అడుగుతారు. ఇంటిపేరు చెబితే ఊరు తెలుస్తుంది, కులం తెలుస్తుంది, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుస్తుంది. పెళ్లయితే ఆ పేరూ మారిపోతుంది. అలాంటి చోటు నుంచి చూసేవాళ్లకి రే ఏ ఇంటిపేరు ఎంచుకుందన్నది రెండో సంగతి. ఒట్టి 'రే' అంటే ఎందుకు సరిపోలేదన్నదే మొదటి సంగతి.

పోస్టరు గురించి అడిగిన ఆ అమ్మాయి క్లాసులో చేరిన మొదటి రోజు తన పేరొక్కటే చెప్పింది. "ఇంటిపేరు?" అన్నాను, అలవాటుగా. ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లిగా చెప్పింది. ఆ ఆగడంలో ఏముందో నాకు ఆ రోజే తెలుసు, తెలిసీ హాజరు పట్టీలో రాసుకుని ముందుకెళ్లిపోయాను. నాలుగేళ్ల తర్వాత తెర మీద రే ఆగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ క్షణమే.

చివరిగా 'థియరీ' అన్న మాట గురించి. లూక్ ఎక్కడున్నాడన్న ఊహకి సిద్ధాంతమంత పెద్ద పేరు పెట్టారు. ఇవే కథల్ని పట్టుకుని స్త్రీలు దశాబ్దాలుగా తమ కథలు రాసుకుని, సైక్లోస్టైలు పత్రికల్లో పంచుకున్నారు. 1992లో కమీల్ బేకన్-స్మిత్ ఇలాంటి రచయిత్రుల మీద ఒక పుస్తకమే రాసింది. వాళ్లు ఈ పాత్రల గురించి శృంగార కథలు రాస్తే 1981లో లూకాస్ సంస్థ నుంచి హెచ్చరిక ఉత్తరాలు వెళ్లాయి. హీరో ఏమయ్యాడని ఊహిస్తే ప్రచారానికి పనికొస్తుంది. హీరో ఇలా ఉంటే బాగుండునని ఒక స్త్రీ ఊహిస్తే సంస్థ పరువు పోతుంది. మన దగ్గరైతే దాన్ని అమ్మలక్కల కబుర్లు అనేసి ఊరుకుంటారు. ఊహాగానాల్లో మగవాళ్లే ఉన్నారనీ, ఆడవాళ్లు ఊహించినదంతా గొప్పదనీ నేననను. నా లూక్ థియరీయే అందుకు సాక్ష్యం. ఏ ఖాళీ మనకి ఖాళీగా కనిపిస్తోంది, ఏది కనిపించడం లేదు అన్నదే చూసుకోవలసింది.

ఆ అమ్మాయి అడిగింది 'ఎవరు' అని. మేమందరం దాన్ని 'ఎవరి' అని మార్చుకున్నాం. ఇనుప ముక్కలు ఏరుకుని బతికిన పిల్ల, తనకి తానే ఓడ నడపడం నేర్చుకున్న పిల్ల, రానివాళ్ల కోసం ఎదురుచూడటం మానేసి బయల్దేరిన పిల్ల. ఆ రోజు క్లాసులో నాకు తెలియని జవాబు ఇదే. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లల్ని పేరు మాత్రమే చెప్పమంటున్నాను.