మిరియడ్, నీకు జోత

మిరియడ్! చుక్కలు పొడిచిన ఆకాశాన్ని చూసి ఇంగ్లీషు కవి నిన్నే తలుస్తాడు. అడవి ఆకులకూ, కడలి అలలకూ నువ్వే విశేషణం. లెక్క ఎక్కడ చాలించుకుంటుందో అక్కడ నువ్వు నిలబడతావు.

నీ పుట్టిల్లు గ్రీకు. అక్కడ నువ్వు అపారానివీ, అంకెవీ కూడా. లెక్కలేనంత అన్నా నువ్వే, సరిగ్గా 10,000 అన్నా నువ్వే. ఆ రెంటినీ గ్రీకు వైయాకరణులు పలుకులోని ఊనికతో వేరుచేశారు. ఇలియడ్ రెండో పాదంలోనే హోమర్ నిన్ను పిలిచాడు, అకిలీస్ కోపం తెచ్చిపెట్టిన కష్టాలు ఎన్నని చెప్పడానికి. దుఃఖాన్ని ఎవరు లెక్కపెట్టగలరు? మన అయుతమూ పదివేలే. నీకు దూరపు తోబుట్టువు అనుకోవడం నాకిష్టం.

కానీ నీకు అసలైన పట్టాభిషేకం చేసినవాడు సిరాక్యూజ్ నగరపు ఆర్కిమెడిస్. ఇసుక రేణువులకు లెక్కే లేదంటే ఆయన ఒప్పుకోలేదు. గెలాన్ రాజుకు ఒక చిన్న గ్రంథం రాశాడు. గ్రీకు సంఖ్యలకు పేర్లున్నది నీ దాకానే. ఆయన నిన్ను నీతోనే హెచ్చవేశాడు, పదికోట్లయింది. ఆ పదికోట్లను కొత్త ఒకటిగా పెట్టుకుని మళ్లీ పైకెక్కాడు, ఆ పైన మళ్లీ. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న అరిస్టార్కస్ ఊహించిన మహావిశ్వాన్ని తీసుకుని, దాన్నంతా ఇసుకతో నింపినా రేణువుల సంఖ్య, మన రాతలో, ఒకటి పక్కన 63 సున్నాలను దాటదని తేల్చాడు. సున్నా రాయడమే తెలియని అంకెలతో! అందరూ చేతులెత్తేసిన చోట ఆయనకు నువ్వు తొలి మెట్టువయ్యావు. మనిషి బుద్ధికి ఇంతకు మించిన ధైర్యం ఉందా!

లాటిన్ మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషు గడప తొక్కావు. ముందు నామవాచకంగా వచ్చావు, విశేషణమయింది తర్వాత. అందుకే 'మిరియడ్ స్టార్స్' అన్నా ఒప్పే, 'ఎ మిరియడ్ ఆఫ్ స్టార్స్' అన్నా ఒప్పే. రెండోదాన్ని తప్పుపట్టేవాళ్లు నీ వయసు మరచినవాళ్లు.

1817లో ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ షేక్‌స్పియర్ మనసుకు నిన్ను ముడివేశాడు, 'మిరియడ్-మైండెడ్' అని. కాన్‌స్టాంటినోపుల్ మతాధిపతిని పొగుడుతూ ఒక గ్రీకు సన్యాసి వాడిన మాటను అరువు తెచ్చుకున్నానని తానే చెప్పాడు. ఎంత చక్కని అరువు! హామ్లెట్ సందేహం, ఫాల్‌స్టాఫ్ నవ్వు, జూలియట్ తొందర, లియర్ ముసలి ఏడుపు, అన్నీ ఒక్క మనసులోంచే వచ్చాయి. ఆ మనసుకు నువ్వు కాక మరే విశేషణం చాలుతుంది?