చోటెరిగిన స్క్రిప్టు

పైథాన్ స్క్రిప్టు రాసేవారి పనితనం చాలాసార్లు మొదటి నాలుగు వరుసల్లోనే తెలిసిపోతుంది. ‘డేటా ఫోల్డర్‌లోని ఫలానా ఫైలు’ అని రాసి ఊరుకోవడం తేలిక. కానీ అది ‘ఇక్కణ్ణుంచి రెండో సందు’ అని దారి చెప్పడం లాంటిది. విన్న మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి ఇల్లు మారిపోతుంది. పైథాన్ అలాంటి దారిని స్క్రిప్టు ఉన్న ఫోల్డర్ నుంచి కాదు, ప్రోగ్రామ్ అప్పుడు నిలబడ్డ చోటు, అంటే వర్కింగ్ డైరెక్టరీ నుంచి లెక్కేస్తుంది. టెర్మినల్‌లో చక్కగా నడిచిన పని, వేళకు పనులు నడిపే క్రాన్ చేతికి వెళ్లగానే ‘ఫైలు లేదు’ అని ఆగిపోయేది అందుకే: క్రాన్ దాన్ని సాధారణంగా యూజర్ హోమ్ డైరెక్టరీలో మొదలుపెడుతుంది.

చేయి తిరిగినవారు స్క్రిప్టు చోటును స్క్రిప్టునే అడుగుతారు. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన పాత్‌లిబ్ మాడ్యూల్‌లో ఇది ఒక్క వరుస పని: స్క్రిప్టు ఫైలు దారి తీసుకుని, రిజాల్వ్‌తో సింబాలిక్ లింకులనూ జంట చుక్కలనూ విప్పి, పేరెంట్‌తో దాని ఫోల్డర్‌ను పట్టుకోవడం. మిగతా దారులన్నీ అక్కణ్ణుంచే కడతారు. వర్కింగ్ డైరెక్టరీనే మార్చేసే అడ్డదారి జోలికి పోరు. ఆ మార్పు ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నింటికీ తగులుతుంది. యూజర్ కమాండ్ లైన్‌లో ఇచ్చిన ఫైలు పేరును మాత్రం యూజర్ ఉన్న చోటు నుంచే వెతుకుతారు. ఏ దారి ఎవరిదో తెలిసిన ఈ వివేకానికే నా మెప్పు.