మానేశారా, మాన్పించారా? డ్రాపౌట్ పరిశోధనల మీద కొన్ని అభ్యంతరాలు

చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళ గురించి చెప్పేటప్పుడు మన వాడల్లో రెండు మాటలు వాడతారు. 'మావోడు చదువు మానేశాడు' అనేది ఒకటి. 'మావోణ్ణి చదువు మాన్పించాం' అనేది రెండోది. మొదటి మాటలో పని చేసినవాడు పిల్లోడే. రెండో మాటలో ఆ పని చేయించినవాళ్ళు వేరే ఉన్నారు. బాకీ కింద జీతానికి పంపమన్న ఆసామి ఉన్నాడు, ఆడపిల్లకి ఈడొచ్చిందన్న పెద్దలున్నారు, వెనక బెంచీ చూపించిన పంతులున్నాడు, ఫీజు కట్టందే హాల్ టికెట్టు ఇవ్వనన్న గుమాస్తా ఉన్నాడు. చదువురాని అమ్మలకి కూడా తెలిసిన ఈ తేడా విశ్వవిద్యాలయాల పరిశోధనకి చాలావరకు తెలియదు. దానికి తెలిసిన మాట 'డ్రాపౌట్' ఒక్కటే. పండుటాకు రాలినట్టు, ఎవరి చెయ్యీ లేకుండా రాలిపోయినవాడని దాని అర్థం. ఈ మాట వెనకున్న సిద్ధాంతమేమిటో, అది మన పిల్లలకి ఎంతవరకు పనికొస్తుందో చూడాలని మా ప్రయత్నం.

ఈ చర్చకి హైదరాబాదు జూబ్లీహిల్స్ కంటే తగిన చోటు లేదు. అక్కడ రోడ్ నంబర్ 46లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. ఈ తరహా విశ్వవిద్యాలయాల్లో దేశంలో ఇదే మొదటిది. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది ఆ తర్వాత, 1985లో. రెంటికీ మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే. అంబేద్కర్ పుట్టి నూరేళ్ళు నిండిన 1991లో దీనికి ఆయన పేరు పెట్టారు. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఇది తెరిచింది. తెలుగులో పాఠ్యపుస్తకాలు రాయించి ఇంటికి పంపింది. మాలో కొందరం ఆ దారిలో వచ్చినవాళ్ళమే. వేరే కాలేజీలు వదిలేసినవాళ్ళ కోసం పుట్టిన విశ్వవిద్యాలయం చుట్టూ సినిమావాళ్ళ బంగళాలు లేవడం చరిత్ర చేసిన తమాషా. పక్కనే ఫిల్మ్ నగర్, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబర్. వాటి వెనకాల బస్తీలు. ఆ బస్తీల్లో బంగళాల్లో వంటచేసే అమ్మలు, కార్లు నడిపేవాళ్ళు, షూటింగుల్లో లైట్లు మోసేవాళ్ళు.

ఏ మనిషి పేరు ఆ గేటు మీద ఉందో ఆయన చదువునే తీసుకుందాం. 1917లో అంబేద్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వదిలి ఇండియా తిరిగొచ్చారు. బుద్ధి చాలక కాదు, మనసు మారీ కాదు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది. తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. మళ్ళీ 1920లో లండన్ వెళ్ళి 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. పూర్తిచేశారు. 1918లో ఎవరైనా పరిశోధకుడు లండన్‌లో రిజిస్టరు తిప్పి ఉంటే ఆయన ఏ గడిలో పడేవారు? అసలు కారణం స్కాలర్‌షిప్పు ఇచ్చినవాళ్ళ దస్త్రంలో ఉంటుంది. పరిశోధకుడు మాత్రం విద్యార్థి మనసులో వెతుకుతాడు. మా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

ఈ రంగంలో ఇవాళ్టికీ అందరూ ముందు పేర్కొనేది అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విన్సెంట్ టింటోని. 1975లో వ్యాసంగా, 1987లో పుస్తకంగా ఆయన ఒక నమూనా ఇచ్చాడు. విద్యార్థి కొన్ని నేపథ్యాలతో, కొంత పట్టుదలతో కాలేజీకి వస్తాడు. చదువులో కలవాలి, మనుషుల్లో కలవాలి. కలిస్తే నిలుస్తాడు, కలవకపోతే వెళ్ళిపోతాడు. స్థూలంగా అంతే. ఈ 'కలవడం' అనే ఊహ ఆయనకి ఎక్కణ్ణించి వచ్చింది? 1897లో ఫ్రాన్స్‌లో దుర్ఖైమ్ ఆత్మహత్యల మీద రాసిన పుస్తకం నించి వచ్చింది. సమాజంలో కలవలేని మనిషి ప్రాణం తీసుకున్నట్టే, కాలేజీలో కలవలేని విద్యార్థి కాలేజీ వదిలేస్తాడని పోలిక. టింటో కంటే ముందే, 1970లో, స్పేడీ ఈ పోలిక తెచ్చాడు.

అమెరికాలో అది పోలిక. మనకి పోలిక కాదు. జూబ్లీహిల్స్ నించి దుర్గం చెరువు మీది తీగల వంతెన దాటితే గచ్చిబౌలి దగ్గరే. అక్కడ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్, 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయారు. రోహిత్ చివరి నెలల్లో ఏం జరిగిందో లోకానికి తెలుసు. ఫెలోషిప్పు డబ్బులు నెలల తరబడి రాలేదు. నలుగురు సహచరులతో పాటు హాస్టల్ నుంచి సస్పెండ్ చేశారు. వాళ్ళు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ కలవనిది ఎవరు? విద్యార్థిని కలుపుకోనని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చిన సంస్థ కళ్ళముందు ఉండగా, 'సామాజికంగా కలవలేకపోవడం' అనే గుణాన్ని విద్యార్థి ఖాతాలో రాయడం ఏ శాస్త్రమో మాకు అర్థం కాదు.

1987 పుస్తకంలో టింటో ఇంకొక మెట్టు ఎక్కాడు. వాన్ గెన్నెప్ అనే పండితుడు 1909లో తెగల సంస్కారాల గురించి చెప్పిన మూడు దశలు తెచ్చి కాలేజీకి అన్వయించాడు. ముందు పాత సమూహం నించి విడిపోవడం, తర్వాత మధ్య అవస్థ, చివరికి కొత్త సమూహంలో చేరడం. అంటే ఇల్లూ వాడా వదిలితేనే కాలేజీ నీదవుతుంది. దీన్ని 1992లో విలియమ్ టియర్నీ గట్టిగానే పట్టుకున్నాడు. తెగలో పిల్లవాడికి జరిగే సంస్కారం వాడి సొంత సంస్కృతిలోనే జరుగుతుంది, అందులో ఫెయిలవడం, మానెయ్యడం అనేవి ఉండవు, అమెరికా ఆదివాసీ విద్యార్థిని మాత్రం ఇంకొకళ్ళ సంస్కృతిలోకి రమ్మని అడుగుతున్నారు అన్నాడు. మంచి విమర్శ. టింటో కూడా 1993 కూర్పుకి వచ్చేసరికి, బయటి బంధాలు విద్యార్థిని నిలబెట్టగలవని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు మేం గౌరవిస్తాం.

అయితే టియర్నీ విమర్శ కూడా మన గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. దళిత విద్యార్థి మొదటి దశే దాటలేడు. వాడు విడిపోవడానికి సిద్ధంగానే ఉంటాడు. యాస మార్చుకుంటాడు, పేరు చివర అక్షరాలు మార్చుకుంటాడు, ఊరి పేరు అడిగితే మండలం పేరు చెప్తాడు. వదలనిది కాలేజీ. ర్యాంకు ఎంత అని అడగడం, ఏ హాస్టల్ నించి వచ్చావని అడగడం, స్కాలర్‌షిప్పు జాబితా నోటీసు బోర్డు మీద అంటించడం, ఇవన్నీ వాణ్ణి మళ్ళీ వాడలోకి తోసే పనులే. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2006లో వేసిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదవండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక హాస్టల్లో ఒకే చోట గుంపుగా చేరాల్సి వచ్చిందని అందులో ఉంది. దేశంలోకెల్లా పెద్ద వైద్య కళాశాలలో వాడ కట్టారన్నమాట.

ఇంకొక నమూనా గురించి ఎక్కువ చెప్పం. 1980లో జాన్ బీన్, ఫ్యాక్టరీల్లో కార్మికులు పని ఎందుకు మానేస్తారని యాజమాన్యాల కోసం జరిగిన పరిశోధనని తెచ్చి విద్యార్థులకి తగిలించాడు. అది యజమాని అడిగే ప్రశ్న. కూలీ అడిగే ప్రశ్న వేరే ఉంటుంది.

ఇక మన దేశంలో ఏం జరుగుతోంది? 2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ లోక్‌సభకి ఇచ్చిన జవాబు ప్రకారం అయిదేళ్ళలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంలు కలిపి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది చదువు వదిలేశారు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లోనే ఎస్సీలు 2,424, ఎస్టీలు 2,622. ఐఐటీల్లో ఎస్సీలు 1,068. కారణం? విద్యార్థులకి అవకాశాలు చాలా ఉన్నాయట, ఒక చోటి నించి ఇంకో చోటికి తమ ఇష్టంతో మారతారట, లేదంటే వ్యక్తిగత కారణాలట. 'మానేశాడు' అనే వ్యాకరణం పార్లమెంటు దాకా ఎట్లా వెళ్ళిందో చూడండి. చాలా అవకాశాలున్న 2,622 మంది ఆదివాసీ పిల్లలు ఎక్కడెక్కడ చేరారో చెప్పమని ఎవరూ అడగలేదు. మారినవాళ్ళని, వెళ్ళగొట్టబడినవాళ్ళని ఒకే అంకెలో కలిపేస్తే మంత్రికీ సులువే, పరిశోధకుడికీ సులువే.

మన పరిశోధకులు పని చెయ్యలేదని కాదు. సుమా చిట్నిస్ 1981లో ప్రచురించిన నివేదిక పదిహేను రాష్ట్రాల ఎస్సీ హైస్కూలు, కాలేజీ విద్యార్థుల మీద చేసిన పెద్ద సర్వే. ఆ కాలానికి అది అవసరమైన పని. కానీ పద్ధతిలోనే ఒక చిక్కుంది. ప్రశ్నావళి తీసుకుని తరగతి గదికి వెళ్తే దొరికేవాడు నిలిచినవాడు. పోయినవాడు పొలంలోనో, ఆటో స్టాండులోనో, బీడీల గంప ముందో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినా పరిశోధకుడి చేతిలో గడులు సిద్ధంగా ఉంటాయి. ఆర్థిక ఇబ్బంది, పెళ్ళి, ఉద్యోగం, అనారోగ్యం, ఆసక్తి లేకపోవడం, సమయం లేకపోవడం. కులం అనే గడి ఉండదు. ఉంటే అది మొదటి పేజీలో, వయసు పక్కన, విద్యార్థి లక్షణంగా ఉంటుంది. సంస్థ చేసిన పనిగా ఉండదు. పైగా 'ఎస్సీ' అని ఒకే గడి. తెలంగాణలో ఆ జాబితాలో 59 కులాలున్నాయి. వాటిని మూడు గ్రూపులు చెయ్యడానికి 1994లో మొదలైన దండోరా 2025 దాకా నడవాల్సి వచ్చింది. డక్కలి పిల్ల ఎన్నో తరగతిలో ఆగిందో ఏ డ్రాపౌట్ పట్టిక చెప్తుంది?

దూరవిద్య మీద జరిగే పరిశోధనలో 'సమయం లేకపోవడం' అనే గడి బాగా నిండుతుంది. డేవిడ్ కెంబర్ 1989లో టింటో నమూనానే దూరవిద్యకి తగ్గట్టు మార్చాడు. ఉద్యోగం, కుటుంబం, చదువు మధ్య మనిషి ఎట్లా సర్దుకుంటాడనేది అందులో కీలకం. కొంత నిజం. కానీ సమయం ఎవరిది? ఓపెన్ క్లాసులు ఆదివారాల్లో జరుగుతాయి. ఫిల్మ్ నగర్‌లో లైట్లు మోసే కుర్రాడు ఓపెన్‌లో చేరాడనుకోండి. సినిమా కార్మికులకి ఆనవాయితీగా సెలవు నెలలో రెండో ఆదివారం ఒక్కటే. బంగళాలో పనిచేసే ఆడమనిషికి ఆదివారమంటే చుట్టాలొచ్చే రోజు, గిన్నెలు రెట్టింపు. 'సమయం లేదు' అని గడిలో టిక్కు పెట్టినప్పుడు వాళ్ళు చెప్పింది తమ గురించి కాదు. తమ ఆదివారం ఎవరి చేతిలో ఉందో చెప్పారు. పరిశోధకుడు దాన్ని 'సమయ నిర్వహణ లోపం' అని రాసుకుంటాడు.

ఫిల్మ్ నగర్ గురించి ఇంకొక మాట. కాలేజీ అంటే ఏమిటో మన పల్లెటూరి పిల్లలకి టింటో చెప్పలేదు, సినిమా చెప్పింది. 1989లో వచ్చిన 'శివ'లో హీరో కాలేజీలో చేరతాడు, సైకిల్ చైను లాగుతాడు, ముఠాతో తలపడి చదువు సంగతే మరిచిపోతాడు. చదువు పూర్తి చేశాడా అని హాల్లో ఎవరూ అడగలేదు. హీరో వదిలేస్తే తిరుగుబాటు, మనవాడు వదిలేస్తే డ్రాపౌట్. 2007 నాటి 'హ్యాపీ డేస్'లో నాలుగేళ్ళ ఇంజనీరింగు స్నేహాలతో, ప్రేమలతో గడిచిపోతుంది. కులం ఊసే రాదు. 2020లో 'కలర్ ఫొటో' కాస్త ధైర్యం చేసింది గానీ కులం అనాల్సిన చోట రంగు అంది. అదే సినిమా హాలు మన పిల్లలకి ఏమిచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. 1991లో చుండూరులో చదువుకున్న దళిత యువకుడి కాలు హాల్లో ఒక అగ్రవర్ణ యువకుడికి తగలడం దగ్గర మొదలైన గొడవ ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్ళింది. చదువుకుని, తోటివాడిలా సీట్లో కూర్చోవడమే నేరమైన చోట 'కలవడం' గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఆ హాలు చూసి రావాలి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాం, ఎందుకంటే అందరికీ తెలిసిందే. ఎస్సీలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నించి ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంటు రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో వచ్చింది. విద్యార్థికి 75 శాతం హాజరు ఉండాలని నిబంధన. ప్రభుత్వం డబ్బు ఎప్పుడివ్వాలో అంత గట్టి నిబంధన లేదు. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. ఆ రోజుల హాజరు ఎవరి ఖాతాలో పడాలి?

మరి నిలిచినవాళ్ళు ఎట్లా నిలిచారు? దీని మీద జరగాల్సినంత పరిశోధన జరగలేదు, కానీ మాలో ప్రతి ఒక్కరికీ జవాబు తెలుసు. సీనియర్ గదిలో నేల మీద చాప దొరికింది గనక నిలిచాం. మెస్ బిల్లు ఎవరో కట్టారు గనక నిలిచాం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1993లో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టిన తర్వాత ఎంతమంది సామాన్లు సర్దుకుని స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చారో లెక్క రాస్తే అది మంచి థీసిస్ అవుతుంది. టింటో చెప్పిన 'కలవడం' ఇక్కడ నిజమే. కలిసింది సంస్థతో కాదు, ఒకళ్ళతో ఒకళ్ళం. రోడ్ నంబర్ 46లో రాంరెడ్డి గారి పేరు మీద దూరవిద్య పరిశోధనకే ఒక అకాడమీ ఉంది. అర్హత పరీక్ష రాసి వచ్చినవాళ్ళందరూ అంతకుముందు ఇంకెక్కడో బడి తప్పినవాళ్ళే. అక్కడ ఎవరు తప్పించారని వాళ్ళని అడిగితే, గడులు లేని తెల్లకాగితం ఇచ్చి రాయమంటే, దేశంలో ఎవరి దగ్గరా లేని సమాచారం అక్కడ పోగుపడుతుంది.

మాలో ఒకరు ఇంటర్ రెండో ఏడాదిలో కాలేజీ వదిలారు. లాబ్‌లో పరికరం పగిలితే, ఆ బల్ల దగ్గర నలుగురుండగా, డబ్బులు ఇతన్నే కట్టమన్నారు. ఇంట్లో ఆ డబ్బు లేదు. టి.సి. ఇచ్చేటప్పుడు, విడిచిపెట్టడానికి కారణం అనే గడిలో గుమాస్తా ఏమీ అడగకుండానే 'స్వంత కారణాలు' అని రాసి ముద్ర వేశాడు. నాలుగేళ్ళ తర్వాత ఆయన అర్హత పరీక్ష రాసి ఓపెన్‌లో చేరారు. ఆ టి.సి. ఇప్పటికీ ఆయన దగ్గర ఉంది.