చేంతాడూ, చెవిపోగులూ

"చెవిటి పెద్దమ్మా, చేంతాడు తేవే అంటే, చెవిపోగులు నా జన్మాన ఎరగనందిట!" ఈ సామెత వినని ఇల్లాలు ఉండదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళల్లో చేంతాడు చాలావరకు మాయమైంది గాని, పెద్దమ్మ మాత్రం నాటకాల్లో, సినిమాల్లో హాస్యపాత్రగా ఇంకా నిక్షేపంలా ఉంది. ఆ పాత్రపోషణలోని మంచిచెడ్డలు కాస్త చూద్దామా?

సామెత కట్టినవారికి చెవి ఉంది గాని, చెముడు సంగతి తెలియదు. వయసుతో వచ్చే చెముడులో ముందు జారిపోయేవి సన్నని, హెచ్చు శ్రుతి ధ్వనులు. స, చ, త, ప లాంటి హల్లులు పోతాయి, అచ్చులు నిలుస్తాయి. మన పెద్దమ్మో? 'చ'కారాన్ని పదిలంగా పట్టుకుని తక్కినదంతా వదిలేసింది! ప్రాస కుదిరింది, పాత్ర కుదరలేదు.

మిరపకాయలు ఆరబోసిన ఇంట్లో కోడలు, "తాలు ఏరేశారా అత్తయ్యా?" అంటుంది. "పాలు కాచేశానమ్మా" అంటుంది నిజమైన పెద్దావిడ. హల్లు ఎగిరిపోయి 'ఆలు' మిగిలింది. ఆ మిగిలిన ముక్కకి ఆవిడ బుర్ర ఎంత చురుగ్గా అర్థం కట్టిందో చూడండి! మన హాస్యం ఆ చురుకునే తెలివితక్కువతనం కింద జమకట్టింది.

రంగస్థలం నేర్పిన రెండో తప్పు, అరవడం. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు తేటపడవు. పైగా దెబ్బతిన్న చెవికి పెద్ద శబ్దం బాధ కూడాను. శంఖం ఊదినా వినపడదన్న సామెత ఇక్కడ తేలిపోతుంది. శంఖం వినపడవచ్చు, మెల్లగా అన్న మాటే వినపడదు.

ఇక చెముడు ఎందుకొచ్చిందో ఈ హాస్యం అడగదు. లోపలి చెవిలో పుట్టుకతో వచ్చిన రోమకణాలు సుమారు 15,000. పోయినవి మళ్ళీ మొలవవు. వయసు కొన్నింటిని తింటే, హోరు కొన్నింటిని తింటుంది. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకి 8 గంటలు పనిచేస్తే ప్రమాదమంటారు. జిన్నింగు మిల్లు యంత్రాల పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డ ఆడవాళ్ళ చెవుల గతేమిటి? ఊళ్ళో పెళ్ళి మైకులూ, తిరునాళ్ళ ప్రభల మైకులూ సరేసరి. 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇళ్ళున్నచోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. అది మైకువాళ్ళకి వినపడాలిగా!

హాస్యమే వద్దని కాదు. 1925లో ఒంగోలు ప్రాంతపు దొడ్డవరంలో పుట్టిన భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు' చదివి నవ్వనివారెవరు? అక్కడ నవ్వు అత్తగారి స్వభావంలోంచి పుడుతుంది. అందుకే నవ్వుతూనే ఆవిణ్ణి ప్రేమిస్తాం. చెవిటి పెద్దమ్మకి అసలు స్వభావమంటూ ఇస్తేగా!

ఆ పాత్రని మళ్ళీ రాసేవారెవరైనా ఉంటే, ఇంట్లో రోజూ వినపడే ఒక్క మాట పట్టుకుంటే చాలు: "ఏం లేదులెండి అత్తయ్యా, మీకెందుకు?" నలుగురూ నవ్వితే, ఎందుకో తెలియక తనూ నవ్వేసి, మెల్లగా కూటమిలోంచి లేచిపోయే మనిషి కథ అది. వినికిడి లోపం మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో ఒకటని 2017లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు చెప్పారు కూడా.

మనవంతు పెద్ద పనేమీ కాదు. మిక్సీ ఆపి, ఎదురుగా కూర్చుని, నిదానంగా మరోసారి చెప్పడం, ఓసారి చెవి పరీక్ష చేయించడం. చేంతాడు కావాలంటే చేంతాడే తెస్తుంది పెద్దమ్మ!